గాలికి వదిలిన గడువు

పారిస్ వాతావరణ ఒప్పందం ప్రకారం ఐదేళ్లకోసారి ప్రతి దేశమూ భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాల తగ్గింపు ప్రణాళికను కొత్తగా సమర్పించాలి. 2035 లక్ష్యాలకు గడువు 2025 ఫిబ్రవరి 10. ఆ రోజు పొద్దుగూకేసరికి నూటికి తొంభైకి పైగా దేశాలు చేతులు ముడుచుకునే ఉన్నాయి. జరిమానా లేదు, మందలింపైనా లేదు. ఆలస్యమైనా ఫరవాలేదు, సెప్టెంబరుకల్లా ఇవ్వండంటూ ఐక్యరాజ్యసమితే సర్దిచెప్పింది. సెప్టెంబరూ వచ్చింది, పోయింది.

నిధులూ నిపుణులూ లేని పేద దేశాల ఇబ్బంది నిజమే. మరి ఐరోపా సమాఖ్యకు ఏం తక్కువైంది? నవంబరు దాకా అదీ లెక్క తేల్చలేదు.

ఈ జాడ్యం ఇప్పటిది కాదు. మారుతున్న వాతావరణంపై 1988లో టొరంటోలో జరిగిన సదస్సు, 2005 నాటికి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలను 20 శాతం తగ్గించాలని పిలుపునిచ్చింది. 2005 నాటికి అవి తగ్గకపోగా పెరిగాయి. అదేమని అడిగిన నాథుడు లేడు. అడగకపోవడమే ఆనవాయితీ అయింది.

హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958 నుంచి గాలిని కొలుస్తున్నారు. అప్పట్లో పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్, 2025 మే నెల సగటులో 430 దాటింది. ఏటా మే నెలలో ఆ కొలతల గీత శిఖరానికి చేరుతుంది. ఉత్తరార్ధగోళపు అడవులు చిగురించి కొంత పీల్చుకోవడంతో సెప్టెంబరుకు కిందికి దిగుతుంది. చెట్లు సెప్టెంబరుకల్లా తమ పని ముగించాయి. మంత్రిత్వశాఖలకే తీరిక దొరకలేదు!

గడువుకు విలువ ఉండదా అంటే, ఎందుకుండదు? ఓజోన్ పొరకు చిల్లు పడిన సంగతి 1985లో బయటపడితే, 1987 సెప్టెంబరుకల్లా మాంట్రియల్‌లో సంతకాలయ్యాయి. ఒప్పందంలో చేరని దేశాలతో ఓజోన్‌ను హరించే రసాయనాల వ్యాపారం బంద్ అన్నారు. అందుకే అందరూ దారికొచ్చారు. పారిస్‌లో అలాంటి కొరడా ఏదీ పెట్టుకోలేదు, పెట్టనివ్వలేదు.

ఇది కాగితాల గొడవ కాదు. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. పాత వర్షపాతం లెక్కలతో కట్టిన కాలువలు, ఆనకట్టలు ఆ తేమ కురిపించే కుంభవృష్టిని తట్టుకోవాలి. ఎంత ఎత్తు కట్టాలో ఇంజినీరు ఇప్పుడే తేల్చుకోవాలి. ఉద్గారాలు ఎటు పోతాయో చెప్పాల్సినవారు మాత్రం వాయిదా అడుగుతున్నారు.

తదుపరి ప్రణాళికల గడువు 2030. ఏలికలు ఆ తేదీని ఇప్పుడే పెన్సిలుతో రాసుకుంటున్నారా, చెరపడానికి వీలుగా?