మెడ పగిలిన ఇత్తడి కేసు గారికి

అయ్యా, థర్టీ ఆట్ సిక్స్ కేసు గారూ,

టెక్సాస్‌లో ఓ గ్యారేజీ నుంచి నమస్కారాలు. తూటాలో మందు పోసి, మూతిలో బుల్లెట్టు బిగించే ఇత్తడి గొట్టం మీరు. పేలాక మిమ్మల్ని తెచ్చుకుని మళ్లీ నింపి వాడుకోవాలనుకునేవాణ్ణి నేను. పొద్దున పదింటికి మీరు యాభై మంది నా బల్ల మీద తళతళలాడుతూ పెళ్లివారిలా కూర్చున్నారు. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. ముప్పై ఒక్కరు మెడలు చీల్చుకుని బకెట్లో పడున్నారు. శనివారం మొత్తం మీకే సమర్పయామి.

నేనేమన్నా గొంతెమ్మ కోరిక కోరానా? మీ మూతి 7.82 మిల్లీమీటర్ల బుల్లెట్టుకి సరిపోతుంది, కాస్త 8.20 బుల్లెట్టు పట్టేలా పెంచుకోండి బాబూ అన్నాను. తేడా 0.38. అర మిల్లీమీటరు కూడా లేదు. సంక్రాంతి నాలుగు రోజుల్లో నా నడుం ఇంతకు వంద రెట్లు పెరుగుతుంది, ఎక్కడా చిట్లిన దాఖలా లేదు. డై అనే ఉక్కు అచ్చులోకి పంపి, నిద్రపోతున్న పసిపిల్ల గది తలుపు వేసినంత మెల్లగా హ్యాండిల్ దించితే లోపలెక్కడో 'టిక్' అంటారు. బయటికి తీస్తే మెడ మీద నిలువునా వెంట్రుకంత గీత. అంతే, మీ పని, నా పని, రెండూ అయిపోయాయి.

మీ అడుగున ఎల్‌సీ 67 అని ఉంది. మిస్సోరీలో లేక్ సిటీ తూటాల ఫ్యాక్టరీ, 1967. నాకంటే పెద్దవారు కాబట్టే ఇంతసేపూ 'మీరు' అంటున్నాను. కానీ మిమ్మల్ని నాకు అంటగట్టినాయన ఏమన్నాడు? "ఒక్కసారే పేల్చినవి." డాక్టరు గారి కారండీ, సింగిల్ ఓనర్, గుడికి తప్ప తియ్యలేదు అంటారు చూడండి, ఆ బాపతు మాట. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంత ధైర్యంగా అబద్ధమాడడు. మిలటరీ కేసుకి ఫ్యాక్టరీలో మెడ మెత్తబడాలని కాల్చినప్పుడు ఓ నీలిమచ్చ పడుతుంది, దాన్ని తోమకుండా అలాగే వదిలేస్తారు. మీకు ఆ మచ్చ లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఎన్నిసార్లు పేలారో, ఎన్నిసార్లు తోమించుకున్నారో, మెడ సాగడం, మళ్లీ కుదించుకోవడం, సాగడం, కుదించుకోవడం, ఆ దెబ్బకి ఇత్తడి బిరుసెక్కి అప్పడంలా తయారైంది. పుత్తడి అనుకుని తెచ్చుకున్నాను, మెరుపు చూసి.

పైగా ఆయన మిమ్మల్ని ఉంచింది గుర్రాల కొట్టంలో. నవ్వకండి. మన దేశంలోనే బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో పెడితే, వానలు వెనకపట్టేసరికి కేసులు వాటంతటవే పగిలి కనిపించేవి. అది గుర్రాల ఉచ్చలోంచి వచ్చే అమోనియా పని అనీ, ఇత్తడిలో అప్పటికే బిగుసుకున్న ఒత్తిడికి అది తోడైందనీ 1921లో గానీ తేలలేదు. కాబట్టి మీ కేసులో గుర్రాన్ని కూడా నిందితుల్లో చేర్చాను.

ఆయిల్ సంగతి వేరే చెప్పాలా. తక్కువైతే డైలో ఇరుక్కుంటారు, ఎక్కువైతే భుజం మీద సొట్ట. కొత్త కోడలు కూడా ఇంత సున్నితంగా ఉండదు.

అసలు మీ మూతికి 8 మిల్లీమీటర్ల బుల్లెట్టు తగిలించే ఈ 8 ఎంఎం-06 పిచ్చి నాది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి అమెరికన్ సైనికులు జర్మన్ మౌజర్ తుపాకులు వెంట తెచ్చుకున్నారు, వాటి తూటాలు ఇక్కడ సరిగా దొరక్కపోతే గన్‌స్మిత్‌లు తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ కాస్త పొడుగు చేసి, ఊరంతా దొరికే మీ మెడ పెద్దది చేసి వాడుకోమన్నారు. అలాంటి ఛాంబరున్న తుపాకీ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎగబడి కొన్నది మాత్రం నేనే. మీ వంశంలోనే .270 విన్చెస్టర్ తూటా 1925లో ఫ్యాక్టరీ ఉద్యోగం తెచ్చుకుంది. .25-06 ఎన్నేళ్లో అడవిపిల్లిలా, అంటే ఏ ఫ్యాక్టరీ తయారు చెయ్యని ఇంటి తూటాలా, తిరిగి 1969లో రెమింగ్టన్ పుణ్యమా అని పెద్దమనిషైంది. ఇది మాత్రం ఇంకా అడవిపిల్లే. షాపులో పేరు చెబితే కౌంటర్ దగ్గరి కుర్రాడు నా ఉచ్చారణ తేడా అనుకుని మూడుసార్లు అడిగాడు.

ఇక 'గారు' చాలు. ఒసేయ్ ఇత్తడీ, అయిదోది పగిలినప్పుడే నేను ఆగాల్సింది. ఆగలేదు. ఇంకొక్కటి చూద్దాం, ఇంకొక్కటి అంటూ ముప్పై నాలుగు దాకా పోయాను, అందులో మూడు బతికాయి. నువ్వు ఒక్కటన్నా నోరు తెరిచి, ఒరే సన్నాసీ, ముందు మెడ కాల్చరా అని చెప్పి చావొచ్చు కదా! మా అమ్మమ్మ ఊళ్లో కంచరి బిందె కొడుతూ కొడుతూ మధ్యలో కొలిమిలో ఎందుకు పెట్టేవాడో నలభై మూడేళ్లకి తెలిసొచ్చింది. చివరి పదహారింటినీ పళ్లెంలో నీళ్లు పోసి, అడుగు వేడెక్కకుండా నిలబెట్టి, టార్చితో ఒక్కో మెడా కాల్చాను. ఇరవై నిమిషాల పని. అన్నీ వెన్నలో వేలు దిగినట్టు దిగాయి, ఒక్కటీ పగల్లేదు. నాకు సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆ పదహారింటి మెడ మీద నీలిమచ్చ మాత్రం, నిజం చెప్పొద్దూ, నెమలిపింఛంలా ఉంది.

మా ఆవిడ టీ తెచ్చి బకెట్లోకి తొంగి చూసింది. "ఒక్కరోజులో ఇన్ని కేసులు ఓడిపోయిన ప్లీడర్ని నేనెక్కడా చూడలేదు" అంది. వెళ్తూ వెళ్తూ మెడ పగిలిన వాటిలో ఒకదాన్ని ఏరి పట్టుకెళ్లింది. ఇందాక లోపలికెళ్లి చూస్తే దేవుడి దగ్గర నిలబడి ఉన్నావు, ఎల్‌సీ 67, మూతిలో రెండు ఊదొత్తులతో. బుల్లెట్టు పట్టని చోట అవి కాస్త వాలినా బాగానే పట్టాయి.

ఇట్లు,
పంతొమ్మిది మిగిలినవాడు