సేవకులున్నారు జాగ్రత్త

ఆంధ్రదేశంలో ‘వాలంటీరు’ అన్న మాట పడినన్ని కష్టాలు ఇంకో మాట పడలేదు. 2019 ఆగస్టు 15 నుంచి ఓ యాభై ఇళ్లకొకరు చొప్పున ఊరూరా, వార్డువార్డునా ఆ పేరుతో సర్కారు తరఫున జనం తిరిగారు. ఒకటో తారీకున పింఛను ఇంటికి తెచ్చిందీ వాళ్లే. అప్పటినుంచీ విశాఖలో ఏ కుర్రాడైనా భుజాన సంచి తగిలించుకుని పెద్దవాళ్ల తలుపు కొట్టి ‘వాలంటీర్నండీ’ అంటే లోపలినుంచి వచ్చే మొదటి మాట ఒకటే: ‘ఏటి బాబూ, ఇవాళ ఒకటో తారీకు కాదు కదేటి?’ పింఛను కాదమ్మా, పుస్తకం తెచ్చానన్నాక ఆ ముఖంలో కనబడే నిరాశను తట్టుకోగలగడమే ఈ కొలువుకు ప్రవేశ పరీక్ష.

నగరంలోని గ్రంథాలయాలకూ, వృద్ధులకూ సేవ చెయ్యాలని ఉవ్విళ్లూరుతున్నవారు పెరుగుతున్నారు. సంతోషం. వాళ్ల బారినుంచి గ్రంథాలయాలనూ వృద్ధులనూ కాపాడే మార్గాలేమిటన్నదే ఈ వ్యాసంలో మా పరిశీలన.

సముద్రానికి సేవ చెయ్యడం తేలిక. ఆదివారం ఆరున్నరకు ఆర్కే బీచ్‌లో చేతులకు గ్లవుజులు, వెనక బ్యానరు, ఎదురుగా ఫొటోగ్రాఫరు. ఏడున్నరకల్లా ఇడ్లీ. పోయినవారం వచ్చినవాడు ఈవారం రాలేదేమని సముద్రం అడగదు. గ్రంథాలయం అడుగుతుంది. దానికి ఒక ఆదివారం వచ్చే నూరుమంది అక్కర్లేదు. నూరు మంగళవారాలు వచ్చే ఒక్కడు కావాలి. పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లేవాడు, వచ్చేవారం కూడా అదే అర ముందు నిలబడేవాడు. కాలేజీల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) కుర్రాళ్లకు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటల లెక్క ఉంది. ఆ లెక్కను వారానికి రెండు గంటలుగా పంచితే ఏడాదికి 104 వస్తాయి, గ్రంథాలయం బాగుపడుతుంది. అందుకే ఎవరూ అలా పంచరు. ఫిబ్రవరి నెలాఖర్న నలభైమంది ఒక్కసారే దిగి, నాలుగు రోజుల్లో అరలన్నీ దులిపి, దుమ్మును పుస్తకాల మీంచి పాఠకుల మీదికి బదిలీ చేసి వెళ్తారు.

దుమ్ము మాట అలా ఉంచండి, అసలు ప్రమాదం సర్దడంలో ఉంది. పుస్తకం దొంగిలించినవాడి వల్ల గ్రంథాలయానికి జరిగే నష్టం స్వల్పం. ఆ పుస్తకం ఏనాటికైనా పాత పుస్తకాల బండి మీద తేలుతుంది. వాలంటీరు తప్పు అరలో సర్దిన పుస్తకం మాత్రం రిజిస్టరులో ఉంటుంది, గదిలో ఉంటుంది, ఎవరికీ దొరకదు. మోక్షం రాని ఆత్మలా అక్కడక్కడే తిరుగుతుంది.

విషయాన్ని బట్టి పుస్తకానికో నంబరిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో అరలు కట్టిన చోట ఇది మరీ కళగా జరుగుతుంది. 641.5631 అంటే జబ్బుమనుషులకు పథ్యపు వంటలు. 641.85 అంటే మిఠాయిలు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదివే కుర్రాడికి ఈ రెండూ ఇచ్చి వరసలో పెట్టమంటే, 85 కన్నా 5631 పెద్దది కదా అని మిఠాయిలు ముందు, పథ్యం తర్వాత పెడతాడు. జీవితంలో వరస అదే, కాదనం. అరలో వరస మాత్రం అది కాదు. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చాలి: అయిదు, ఎనిమిది, అయిదే ముందు. ఇది నేర్పడానికి అయిదు నిమిషాలు చాలు. నేర్పకపోతే షుగరొచ్చిన పెద్దమనిషి పథ్యం పుస్తకానికి వచ్చి మిఠాయిల పుస్తకం పట్టుకెళ్తాడు. ఇంట్లో అడిగితే ‘లైబ్రరీలో అదే ఇచ్చారే’ అనే సమాధానం అతని చేతిలో ఉంటుంది.

తెలుగు సాహిత్యానికి ఇంకో ముడి ఉంది. కథైనా, కవితైనా నంబరు మొదలయ్యేది 894.827తోనే. ఒకే నంబరు పడ్డవాటిలో వరస నిర్ణయించేది రచయిత పేరే. ఈ ఊరి ప్లీడరే అయిన రావిశాస్త్రి గారిని ‘రావి’ ఇంటిపేరనుకుని ఒకడు, ‘శాస్త్రి’ కదా అని ‘శా’ దగ్గర ఒకడు, అసలు పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి అని తెలిసి ‘రాచ’ దగ్గర ఒకడు పెడతారు. తను ప్లీడరీ చేసిన ఊళ్లోనే ఆయన మూడు చిరునామాల్లో కాపురముంటాడు. ఏది పాటించినా పరవాలేదు, ఒక్కటే పాటించాలి. ఆ ఒక్కటేదో కేటలాగులో చూడాలి గాని పక్క వాలంటీరును అడక్కూడదు.

పుస్తక దానాల గురించి చెప్పకపోతే పాపం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయమైనా, మీ వీధి శాఖా గ్రంథాలయమైనా, ఇల్లు మారేటప్పుడు విశాఖవాసికి హఠాత్తుగా జ్ఞానదానం గుర్తొస్తుంది. అట్టపెట్టెల్లో వచ్చేవి: 2011 ఎంసెట్ గైడ్లు (ఆ పరీక్షకే 2021లో పేరు మారిపోయింది), విజ్ఞానసర్వస్వంలో నాలుగో సంపుటం ఒక్కటే, సగం రాసిన డైరీ, అడుగున మూడు శుభలేఖలు. కాదనడం మర్యాద కాదని వాలంటీరు పుచ్చుకుంటాడు. పుచ్చుకున్న ప్రతి పుస్తకానికీ ఆక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన పుస్తకాల చిట్టాలో, ఒక వరస నింపాలి. ముఖపత్రం మీద ఒక ముద్ర, లోపల గ్రంథాలయం ఎంచుకున్న రహస్య పేజీ మీద ఇంకో ముద్ర, వెన్ను మీద లేబులు, చివర తేదీల చీటీ. తీరిగ్గా చేస్తే ఒక్కోదానికి పావుగంట. నలభై గైడ్లకు పది గంటలు, ఆ తర్వాత వాటిని పనికిరానివిగా తీసేసే కాగితాలకు ఇంకో అయిదు. కాబట్టి దాత గుమ్మంలో ఉండగానే పెట్టె విప్పి, ఉంచుకునేవి తీసుకుని, మిగతావి ఆయన ఆటోలోనే తిరిగి పెట్టించాలి. ఇలా చెయ్యగల వాలంటీరు ఒక్కడు దొరికితే గ్రంథాలయం వాణ్ణి దత్తత తీసుకోవచ్చు.

ఇక సెల్లోటేపు. చిరిగిన పుస్తకాన్ని చూడగానే వాలంటీరులో వైద్యుడు నిద్ర లేస్తాడు. జేబులోంచి టేపు తీసి చర్రున అతికిస్తాడు. మన ఊళ్లో ఉక్కా, ఉప్పుగాలీ ఎప్పుడూ ఉండేవే. కొన్నేళ్లకల్లా ఆ టేపు పచ్చబడి, జిగురు కాగితంలోకి ఇంకి, పక్క పేజీని కూడా కావలించుకుంటుంది. టేపు లాగితే అక్షరాలతో సహా ఊడొస్తుంది. బైండర్లు చేసే పద్ధతి వేరు. ఒక వంతు మైదాకు అయిదు వంతుల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ, సన్నమంట మీద అద్దంలా మెరిసేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం గనక ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. పల్చటి టిష్యూ కాగితాన్ని కత్తిరించకుండా చింపి (చింపిన అంచే పేజీలో కలిసిపోతుంది), జిగురు పల్చగా రాసి, చిరుగు మీద వేసి, పైనా కిందా మైనం కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. బరువుకు ఆ నాలుగో సంపుటం చక్కగా పనికొస్తుంది. పనిలో పనిగా పాత పత్రికల స్టేపుల్ పిన్నులు పీకి దారంతో కుట్టాలి. సముద్రపుగాలికి ముందు తుప్పు పట్టేవి అవే.

తడిసిన పుస్తకాలను ఎండలో పరవడం మరో సేవ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక ఈ ఊళ్లో తడవని కాగితం లేదు, ఎండబెట్టనివారూ లేరు. ఎండలో పెట్టిన పుస్తకం అప్పడంలా వంకర తిరుగుతుంది. నీడలో, ఫ్యాను కింద, విసనకర్రలా విప్పి నిలబెట్టాలి. నున్నటి ఆర్టు కాగితమైతే ఆరకముందే ప్రతి పేజీ మధ్యా కాగితం దూర్చాలి, లేకపోతే అది పుస్తకం కాదు, పలక.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి దగ్గర టీషర్టులూ, ఫ్లెక్సీలూ లేవు. ఉద్యమం ఎలా సాగిందో మరి.

వృద్ధుల దగ్గరకొద్దాం. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం. ఆనాడు వృద్ధాశ్రమంలో ఉన్నవారికి మూడు సంఘాల చేతిమీదుగా మూడు మధ్యాహ్న భోజనాలు తినవలసిన ధర్మం ఉంటుంది. షుగరువాళ్లకు అరటిపళ్లు, పళ్లు లేనివాళ్లకు యాపిల్‌కాయలు, అందరికీ దుప్పట్లు. విశాఖలో దుప్పటి! రాత్రి పూట కూడా చొక్కా ఒంటికి అంటుకునే ఊళ్లో, ఒక్కో మంచం కింద ఏడేసి దుప్పట్లు. అడిగి చూస్తే వాళ్లకు కావలసింది వినికిడి మిషను బ్యాటరీ. అదీ ఏదో ఒకటి కాదు. గోధుమరంగు స్టిక్కరుది 312, నారింజరంగుది 13, నీలంది 675. ఒకదాని గదిలో ఇంకోటి పట్టదు. స్టిక్కరు పీకగానే పెట్టెయ్యకూడదు. అది గాలి పీల్చుకుని పనిచేసే బ్యాటరీ, ఓ నిమిషం ఆగాలి. ఆరు బ్యాటరీలు పంచిపెడుతూ తీసిన ఫొటోలో ఏమీ కనపడవు గనక దుప్పట్లే వస్తాయి.

పేపరు చదివి వినిపించే సేవకు గిరాకీ ఉంది. వాలంటీరు మంచం పక్కన నిలబడి, వెనక కిటికీ వెలుతురు పెట్టుకుని, గొంతు చించుకుని అరుస్తాడు. వయసుతో ముందు పోయేది కీచుమనే శబ్దాల వినికిడి. అరిస్తే గొంతు ఇంకా కీచుమంటుంది, అంటే ఇంకా వినపడదు. కుర్చీ లాక్కుని ఎదురుగా, బాగా వినపడే చెవి వైపుకు కాస్త జరిగి, వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుని, గొంతు తగ్గించి, నిదానంగా చదవాలి. ఫ్యాను ఒక నంబరు తగ్గించడం మరిచిపోకూడదు. పెదవులు కనపడితే సగం అర్థమైపోతుంది. ఇక ఏం చదవాలన్నది. మొదటి పేజీ రాజకీయం అక్కర్లేదు. కుర్రాళ్లు జాలిపడి దాటేసే శ్రద్ధాంజలి పేజీయే ముందు కావాలి. ‘చావుల కబుర్లు ఎందుకులే తాతగారూ’ అనకూడదు. అది ఆయన అటెండెన్సు రిజిస్టరు. ఫొటో కింద వయసు చెప్పి ఆగాలి, ఆయన తన వయసుతో తీసివేత చేసుకుంటాడు.

ఇంటికి పుస్తకాలు పట్టుకెళ్లేవారు లావుపాటి అట్టల ఉద్గ్రంథాలు ఎంచుతారు, గౌరవంగా ఉంటుందని. పడుకుని చదివే మనిషి గుండెల మీద అది పుస్తకం కాదు, సమాధి రాయి. చేతిలో ఇమిడేది, అక్షరం 16 పాయింట్లకు తగ్గనిది రెండు చాలు. ఇచ్చినవాటి పేర్లు నోటుబుక్కులో రాయాలి, లేకపోతే మూడోవారం అదే పుస్తకం మళ్లీ వెళ్తుంది. చదివే మామ్మగారు మర్యాదకొద్దీ మళ్లీ చదువుతుంది.

ఇంట్లో ఎవరైనా పెద్దాయన మీద చెయ్యి చేసుకుంటున్నారని తెలిస్తే వాలంటీరు పంచాయతీ పెద్ద అవతారం ఎత్తకూడదు. 14567కు, ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు, ఫోను చెయ్యాలి. వృద్ధుల సహాయానికి పెట్టిన ఆ ఎల్డర్‌లైన్ ఉన్నది అందుకే.

చివరగా, సేవల్లోకెల్లా సాహసోపేతమైనది: జీవన ప్రమాణ పత్రం. బతికే ఉన్నానని బతికున్న మనిషి ఏటేటా రుజువు చేసుకునే పండగ. ఒకే అపార్టుమెంటులో రైల్వే తాతగారికి నవంబరు (ఎనభై దాటితే అక్టోబరు 1 నుంచే), రాష్ట్ర సర్కారులో రిటైరైన మాస్టారికి జనవరి, ఫిబ్రవరి. ప్రావిడెంట్ ఫండు వాళ్లిచ్చే ఈపీఎస్ పెన్షనరు ఏ నెలలో ఇస్తే అక్కణ్నుంచి ఏడాది. వాలంటీరు మాత్రం అందరికీ నవంబరు 30 రాత్రే గుర్తొస్తాడు.

ఫోన్లో ఒక యాప్ సరిపోదు. ముఖం గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, జీవన్ ప్రమాణ్ ఒకటి, రెండూ ఉండాలి. ఆధార్ నంబరు, పెన్షను మంజూరు కాగితం (పీపీఓ) నంబరు, పెన్షను పడే బ్యాంకు ఖాతా, ఓటీపీ వచ్చే ఫోను ముందుగానే బల్ల మీద పెట్టించాలి. ఆ ఓటీపీ ఫోను హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరుంటుంది, కొడుకు మీటింగులో ఉంటాడు. ముఖం పట్టకపోతే యాప్‌ను తిట్టేముందు వెనక కిటికీ మూసి, నల్లకళ్లద్దాలు తీయించి, రెప్పలు ఆర్పమని చెప్పాలి. పెన్షను మంజూరు చేసిన శాఖ పేరు ఊహించి నొక్కకూడదు, పీపీఓ కాగితం చూసి నొక్కాలి. తప్పు శాఖకు వెళ్తే మనిషి బతికున్నట్టు సంబంధం లేని ఆఫీసుకు తెలుస్తుంది. పత్రం నంబరు ఫోనుకు రాగానే పని అయిపోయినట్టు కూడా కాదు. ఆమోదించారా లేదా అని కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి.

ఇవన్నీ దాటాక యాప్ ఒక ప్రశ్న వేస్తుంది: మళ్లీ పెళ్లి చేసుకున్నారా? ఎనభైరెండేళ్ల ఫ్యామిలీ పెన్షను మామ్మగారి ఎదురుగా కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు దీన్ని గట్టిగా చదవక తప్పదు. చదువుతాడు. మామ్మగారు కళ్లజోడు సర్దుకుని, ‘ఏటి బాబూ, సంబంధమేదైనా చూసొచ్చావేటి?’ అంటుంది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులో వేలు జారి ‘అవును’ మీద పడిందంటే, పెళ్లికొడుకు లేని ఆ పెళ్లికి పెన్షనంతా కట్నం కింద పోతుంది.