రిసెప్టార్ల స్కాన్ మంచిదే, కానీ ముందు బయాప్సీ ముక్కను కాపాడుకుందాం

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలగానే ఇంట్లో అందరూ అడిగేది "ఏ స్టేజీ?" అని. క్యాన్సర్ కణాల్లో హార్మోన్ రిసెప్టార్లు (హార్మోన్లు వచ్చి అతుక్కునే ప్రోటీన్లు) ఉన్నాయా, లేవా అన్నది కూడా అంత ముఖ్యమైన ప్రశ్నే. ఉంటే టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలు కనీసం ఐదేళ్లు వాడాలి. లేకపోతే ఆ మాత్రల వల్ల ప్రయోజనం ఉండదు.

ఇన్నాళ్లూ ఈ సంగతి బయాప్సీ ముక్కే, అంటే పరీక్ష కోసం గడ్డలోంచి తీసే చిన్న ముక్కే, చెబుతోంది. ఇప్పుడు ఒంట్లో ఈస్ట్రోజెన్ రిసెప్టార్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే ఎఫ్‌ఈఎస్ పెట్ స్కాన్ కూడా వచ్చింది. ఈస్ట్రోజెన్‌లో ఒక రకమైన ఈస్ట్రడయోల్‌కు రేడియోధార్మిక ఫ్లోరిన్-18ను జోడించి నరంలోకి ఎక్కిస్తారు. రిసెప్టార్లున్న చోటికి అది చేరి స్కాన్‌లో వెలుగుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దీనికి అనుమతిచ్చింది. అయితే తిరగబెట్టిన, లేదా వేరే అవయవాలకు పాకిన క్యాన్సర్‌కే, అదీ బయాప్సీకి తోడుగా మాత్రమే.

తొలి దశలో ప్రతి ఒక్కరికీ ఈ స్కాన్ చేయాలంటే నేను ఒప్పుకోను. వెన్నెముకలోనో, ఛాతీ లోతుల్లోనో ఉన్న మచ్చలోకి సూది వేయడం కష్టం కాబట్టి అక్కడ స్కాన్ నిజంగా ఆదుకుంటుంది. రొమ్ములో గడ్డ సూదికి సులువుగానే అందుతుంది. ఒక్క ముక్కతోనే ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టార్), పీఆర్ (ప్రొజెస్టిరాన్ రిసెప్టార్), హెర్2 (కణాల పెరుగుదలను పెంచే ప్రోటీన్), గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయన్న కొలత) అన్నీ తెలుస్తాయి. పైగా గడ్డ మరీ చిన్నదైతే పెట్‌లో వెలుగు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. అప్పటికే టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లలో మందు రిసెప్టార్లను ముందే ఆక్రమించి ఉంటుంది కాబట్టి ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ముక్క విషయంలో జరిగే అశ్రద్ధ. శరీరం నుంచి తీసిన గంటలోపు కణజాలం ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా కాపాడే ద్రవం) పడాలి. అందులో 6 నుంచి 72 గంటలు నానాలి. ఆపరేషన్‌లో తీసిన పెద్ద గడ్డను కోయకుండా అలాగే డబ్బాలో వేసి బంధువుల చేతికిస్తే, వాళ్లు బస్సెక్కి ల్యాబ్‌కు చేర్చేసరికి ఫార్మలిన్ పైపొరల్లోకే ఇంకుతుంది, లోపలి భాగం పాడైపోతుంది. అప్పుడు ఉన్న రిసెప్టార్లు కూడా లేవని రిపోర్టు రావచ్చు. ఐదేళ్ల మాత్రలతో తగ్గించగలిగిన ముప్పును ఆ మనిషి ఊరికే మోయాల్సి వస్తుంది. కోట్లు పోసి యంత్రాలు కొనేకంటే ముందు సరిచేయాల్సింది ఇదే.

పరిశోధనను మాత్రం ఆపకూడదు. లోబ్యులార్ రకం (పాల గ్రంథుల్లో మొదలయ్యే) క్యాన్సర్ చక్కెర వాడకాన్ని చూపించే మామూలు పెట్‌లో తరచూ మసకగానే కనిపిస్తుంది. అందులో ఈస్ట్రోజెన్ రిసెప్టార్లు చాలావరకు ఉంటాయి కాబట్టి ఎఫ్‌ఈఎస్ అక్కడ పనికొచ్చే అవకాశం ఉంది. ఆపరేషన్‌కు ముందే హార్మోన్ మందులిచ్చేటప్పుడు, మందు రిసెప్టార్‌ను నిజంగా మూసేసిందో లేదో చూడటానికీ ఇది సాయపడొచ్చు.

ఇప్పటికి ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అన్న మాట ఒక్కటే కాకుండా శాతం ఎంతో చూడండి. ఒక శాతం కణాల్లో కనిపించినా పాజిటివ్ కిందే లెక్క. 1 నుంచి 10 శాతం మధ్య వస్తే దాన్ని 'లో పాజిటివ్' (తక్కువ స్థాయి పాజిటివ్) అంటారు, మందుల గురించి డాక్టరుతో విడిగా మాట్లాడాలి. గ్రేడ్ 1 గడ్డకో, లోబ్యులార్ రకానికో ఈఆర్ నెగెటివ్ అని వస్తే, ఆపరేషన్‌లో తీసిన గడ్డ మీద పరీక్ష మళ్లీ చేయించమని మొహమాటపడకుండా అడగండి.