హంసతో కాదు, పెనంతో మొదలుపెట్టండి

ఆంధ్రను ఆనుకున్న ఒడిశాలో, పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగు చదువుల మాటొస్తే టీచర్ల ఖాళీలు, అందని పుస్తకాల దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఆ గోడు అందరికీ తెలిసిందే. ఉన్న టీచరు ఉన్న పుస్తకంతో ఏం చెబుతున్నారో మాత్రం ఎవరూ అడగరు. అలంకారాల పాఠమే తీసుకోండి. బోర్డు మీద ముందు లక్షణం, అంటే నిర్వచనం, దాని కింద ఆకాశగంగలో హంసలా మునిగే రాజుగారి కీర్తి. పిల్లలు రెండూ బట్టీపట్టి, పరీక్షలో దించేసి, మర్నాటికి మరిచిపోతారు. ఈ వరస తిరగబడాలి.

మొదటిరోజు లక్షణం జోలికే పోవద్దు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకుని ఇంట్లో ఏమంటారో అడగండి. 'ఒళ్లు పెనంలా కాలిపోతోంది' అని ఎవరో ఒకరు అందుకుంటారు. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ఆ వాక్యాన్ని విడదీయించండి: ఒళ్లు, పెనం, కాలడం, లా. గళ్లు నిండాకే పైన పేర్లు రాయాలి: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం.

తప్పులు ఇక్కడే మొదలవుతాయి. 'లా' కనబడితే చాలు, ఉపమ (పోలిక చెప్పే అలంకారం) అనేస్తారు. 'తమ్ముడు కూడా నాలాగే ఆరో తరగతి' అన్నదాంట్లో పోలిక ఉంది కానీ అలంకారం లేదు. ఉన్న సంగతిని ఉన్నట్టు చెప్పడమే అది, చమత్కారం ఏదీ? ఇంతకంటే పెద్ద జబ్బు, సమానధర్మం గడిని ఖాళీగా వదిలేయడం. 'మా ఊరు పువ్వులా ఉంది' అని రాస్తారు. దేంట్లో? రంగులోనా, వాసనలోనా? కవి కావాలని వదిలేస్తే అది లుప్తోపమ. పిల్లాడు వదిలేశాడంటే ఆలోచించలేదనే. అందుకే మొదటి వారమంతా నాలుగు భాగాలూ ఉన్న పూర్ణోపమలే రాయించాలి.

తర్వాత ఒకే బొమ్మను మూడు రకాలుగా చెప్పించండి. మహేంద్రగిరి మీది మబ్బు తలపాగాలా తెల్లగా ఉందంటే ఉపమ. కొండ మబ్బు తలపాగా చుట్టిందంటే రూపకం, మబ్బుకీ తలపాగాకీ తేడా చెరిగిపోయింది. ఆ మబ్బు కొండ చుట్టుకున్న తలపాగాయేమో అన్నట్టుందంటే ఉత్ప్రేక్ష, అది ఊహ. మూడింటికి మూడు వేర్వేరు పద్యపాదాలు ఇచ్చారా, తేడా పద్యం కష్టంలో కొట్టుకుపోతుంది.

జాతీయాల దారి వేరు. 'నీళ్లు నమలడం' అన్నదాన్ని గళ్లలో పెట్టి విడదీస్తే ఏమీ రాదు. ఇంట్లో ఒడియానో సవరనో మాట్లాడే పిల్లాడు దాన్ని అక్షరాలా నీళ్లనే అనుకుంటాడు. హోంవర్కు ఏదని అడిగినప్పుడు ఒకడు తడబడతాడు చూడండి, సరిగ్గా అప్పుడే 'ఏం, నీళ్లు నములుతున్నావు?' అనాలి. అర్థం వేరే చెప్పక్కర్లేదు.

లక్షణం రాయకపోతే మార్కులు రావని టీచర్లు అంటారు. నిజమే. అయితే సొంతంగా నాలుగు వాక్యాలు విడదీసిన పిల్లాడికి లక్షణం చెప్పడానికి పది నిమిషాలు చాలు. లక్షణం వచ్చిన పిల్లాడికి వాక్యం రాయడం ఏడాదికీ రావడం లేదు.

అసలు మన చిన్నచూపంతా సరిహద్దు పిల్లల నోటి మీద. రెండు భాషలొస్తే రెండూ సరిగా రావని తీర్పు చెప్పేస్తాం. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష ఒడియా తరగతిలోనూ అవే పేర్లతో ఉన్నాయి. ఇక్కడ 'లా' చేసే పని అక్కడ 'పరి' చేస్తుంది. ఒకే బడిలో ఇద్దరు టీచర్లు ఒకే పాఠాన్ని ఒకరికొకరు తెలియకుండా రెండుసార్లు చెప్పడం ఏం తెలివి? మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఆ మాతృభాష అమ్మ మాట్లాడేదా, గైడులో అచ్చయ్యేదా? వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఈ పర్లాకిమిడి నుంచే. ఆగస్టు 29న ఆయన పటానికి దండేస్తాం. మర్నాడు పిల్లాడు 'ఏమిటి' బదులు ఇంట్లో అనే 'ఏటి' రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాం.

ముందు ప్రశ్నపత్రం మార్చండి. 'అలంకారం గుర్తించి లక్షణం రాయండి' తీసేసి, 'మీ ఇంట్లో వాడే పోలిక ఒకటి రాసి, నాలుగు భాగాలు చూపి, దాన్నే రూపకంగా మార్చండి' అని అడగండి. 'ఒళ్లు పెనమైపోయింది' అని రాసినవాడికి పూర్తి మార్కులు. 'లా' ఒక్కటీ పీకేసి 'ఒళ్లు పెనం కాలిపోతోంది' అన్నవాడికి సగం. దిద్దడానికి టైము కాస్త ఎక్కువే పడుతుంది, గైడు చూసి రాయడం మాత్రం కుదరదు.