ఆ గదిలో పేకాట జరగదు

నిన్న సాయంత్రం మా చినమావయ్యగారు వచ్చారు. చెప్పులు విడవకుండానే నేను కొత్తగా చేయించుకున్న గేమ్స్ గదిలోకి దిగి, రిక్లైనర్‌లో కూలబడి, కాళ్ళు బారజాపి, సీలింగు లైట్లన్నీ ఒకసారి చూసి రెండు మాటలన్నారు. మొదటిది: "గేమ్సన్నీ గవర్నమెంటు బ్యాన్ చేసేసిందట కదమ్మా, మీ మీదకేం రారు కదా?" అది పూర్తవ్వకుండానే రెండోది: "సంక్రాంతి పండక్కి మన పేకాటకి భలే కుదిరిందే! ఏసీ ఉంది, తలుపేస్తే చడీచప్పుడు బయటికి రాదు. పోలీసులకి వాసన కూడా తగలదు."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ బ్యాన్ సంగతి చూద్దాం. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద. ఈ-స్పోర్ట్స్‌ని, అంటే వీడియో గేముల పోటీల్ని, ప్రోత్సహిస్తామని అదే చట్టంలో రాశారు. నేను ఆడేది కార్ల రేసు. ఓడిపోతే పోయేది పరువు, అది కూడా మా చిన్నాడి ముందు. ఇక మీరు పండక్కి ఆడే కోతముక్క పేకాట అంటారా, దానికి మన రాష్ట్రంలో 1974 నుంచే చట్టం ఉంది మావయ్యగారూ అని నోటి చివరిదాకా వచ్చింది. పెద్దాయన కదా అని మింగాను. అక్కడ మింగింది ఇక్కడ కక్కుతున్నాను, చదవండి.

ఆ గది కథ తెలియనివాళ్ళకి చెప్తాను. అది మా కొట్టుగది. ఎరువుల బస్తాలు, గోనెసంచులు, పురుగుల మందు కొట్టే పాత మిషను, ఎవరిదో తెలియని సైకిలు ఉండేవి. ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కితే గానీ అరుగు మీదకి చేరేవాళ్ళు కాదట. తర్వాత మట్టిరోడ్డు మీద కంకర పోశారు, కంకర మీద తారు, తారు మీద సిమెంటు. పాతది తవ్వి వేద్దామని ఎవరికీ తోచదు. ఎలక్షనుకో పొర. ఇప్పుడు మేం వీధిలోంచి ఇంట్లోకి దిగుతాం. ఆ గది కిటికీలోంచి చూస్తే స్కూటర్ల చక్రాలు, గేదెల కాళ్ళు కనిపిస్తాయి. ప్రపంచంలో అందరూ బేస్‌మెంటు కోసం భూమి తవ్వుతారు. మాకు మాత్రం రోడ్డు ఎత్తి ఉచితంగా ఇచ్చారు. భీమవరం చుట్టుపక్కల ఏ పాత ఇంటికైనా వెళ్ళి చూడండి, ఇదే వరస.

మా మరిది ఒహాయోలో ఉంటాడు. వాళ్ళ బేస్‌మెంటు అంతా వీడియో కాల్‌లో తిప్పి చూపించాడు. పెద్ద తెర, సోఫాలు, పక్కన చిన్న బార్. "వదినా, కొత్తగది ఎందుకు, మీరూ కిందకి తవ్వించేయండి, సింపుల్" అన్నాడు. నాయనా, మీకు చలికాలంలో నేల గడ్డకడుతుంది. పునాది ఆ గడ్డకట్టే లోతు దాటి కిందకి వెళ్ళాలి. ఎలాగూ తవ్వారు కాబట్టి ఇంకాస్త తవ్వితే ఓ గది కలిసొస్తుంది. అక్కడ కూడా ఓ మూల గుంటలో పంపు పెట్టి ఊటనీళ్ళు తోడుకుంటూనే ఉంటారు, అది మాత్రం వీడియోలో చూపించలేదు. ఇక్కడ కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ, వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది రోజులు తప్ప ఈ నేల ఆరింది ఎప్పుడు? మా తాపీమేస్త్రికి మరిది సలహా చెప్తే, "తవ్వొచ్చండి ఆయ్, రొయ్యపిల్లలు కూడా ఇప్పుడే చెప్పి ఉంచుకోండి" అన్నాడు.

అసలు తలనొప్పి చెమ్మ. పాత ఇటుక గోడ, సున్నం కట్టుబడి, పునాది మీద చెమ్మని ఆపే పొర అంటూ ఏమీ లేదు. నడుం ఎత్తుదాకా ఉప్పెక్కిపోయి, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలేది. గోడకి వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టేస్తే చాలని సలహా చెప్పనివాడు పాపాత్ముడు. పైన పెయింటు కొడితే లోపలి నీళ్ళు ఎక్కడికి పోతాయండీ, ఇంకో అడుగు పైకెక్కుతాయి. అందుకని పాత ప్లాస్టరంతా ఇటుక కనిపించేదాకా గీకించాను. వేసవంతా ఆరనిచ్చాను. అడుగున వరసగా కన్నాలు వేయించి చెమ్మని ఆపే మందు ఎక్కించాక గానీ కొత్త ప్లాస్టరు వేయనివ్వలేదు. ఇంటీరియర్ కుర్రాడు వచ్చి గోడకి నేరుగా ప్లైవుడ్ కొట్టేద్దాం మేడమ్ అన్నాడు. చెమ్మగోడకి ప్లైవుడ్డు కొట్టడమంటే చెదపురుగుల్ని భోజనానికి పిలవడమే. గోడకి కాస్త ఎడంగా ఇనుప ఫ్రేము నిలబెట్టి, వెనక గాలి ఆడేలా కిందా పైనా సందులు వదిలి, దాని మీద సిమెంటు బోర్డు బిగించారు. వీధి నీళ్ళు లోపలికొచ్చినా తడవకుండా ప్లగ్గు పాయింట్లన్నీ ఛాతీ ఎత్తున పెట్టించాను. ఎలక్ట్రీషియన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. గుమ్మానికి అడుగెత్తు కట్ట కట్టించాను. మావయ్యగారు నిన్న తన్నుకుని తిట్టుకున్నది దాన్నే.

ప్రొజెక్టరు కొనమని అందరూ అన్నారు. మన తేమకి లెన్సులో బూజు పడితే ఎవరు కడుగుతారు? డెబ్బై అయిదంగుళాల టీవీ పెట్టాను, కూర్చునే చోటికి ఎనిమిది అడుగులు, సరిగ్గా సరిపోయింది. అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు. వెనక గోడకి ఖరీదైన ప్యానెళ్ళు ఏమీ లేవు, అటకమీది పాత బూరుగుదూది పరుపులు విప్పించి, చట్రాల్లో కూరి, గుడ్డ చుట్టించాను. గోడకి పరుపేంటని నవ్వినవాళ్ళే ఇప్పుడు సౌండ్ భలే ఉందంటున్నారు. తేమ చూసుకోవడానికి ఓ చిన్న మీటరు తగిలించాను. బయట ఎనభై దాటినా లోపల యాభై అయిదు దగ్గర ఆపుతోంది డీహ్యూమిడిఫయర్, అదే, గాలిలో తేమ పీల్చే మిషను. రోజూ దాని బకెట్టు పారబోసేది నేనే. 2025 అక్టోబరులో మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటిన రాత్రి వీధంతా నీళ్ళే. నా గదిలో చుక్క లేదు. ఈ ముక్క ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

అడిగేది ఒకటే, "ఎంతయ్యింది?" నా జీతం, నా చీటీ డబ్బు. చెప్పను. ఆ తర్వాత, "మీ ఆయన టేస్టు బాగుందమ్మా." మా ఆయనకి హెచ్‌డీఎంఐ తీగకీ ఛార్జరు తీగకీ తేడా తెలీదు. అయినా "ఏదో అలా..." అని సిగ్గుపడతాడు! ఇక మా అత్తగారు. మంచి మనిషే, కానీ ఇంట్లో ఏ వస్తువు కనిపించినా దాని మీద లేసుగుడ్డ కప్పాలి. నర్సాపురం లేసు అందమే, ఎవరు కాదన్నారు. కానీ ప్లేస్టేషన్‌కి ఊపిరాడొద్దూ? రోజూ నేను తీస్తాను, రోజూ ఆవిడ కప్పుతారు. పనిమనిషి ఇద్దరికీ సాక్షి.

దుబారా అంటున్నారు. ఎవరు అంటున్నారో చూడండి. పందెం పుంజుకి బాదంపప్పు, జీడిపప్పు పెట్టి, ఈత కొట్టించి, ఒళ్ళు పట్టి పెంచేవాళ్ళు. డేగ పుంజు ఏ రోజు గెలుస్తుంది, కాకి పుంజు ఏ రోజు గెలుస్తుంది అని కుక్కుటశాస్త్రం తిరగేసేవాళ్ళు. పండగ మూడు రోజులూ బరి దగ్గర లారీ అంత ఎల్‌ఈడీ తెర పెట్టి, ఫ్లడ్‌లైట్ల కింద కోడి చావు చూస్తే అది సంప్రదాయం. నేను నా ఇంట్లో నా తెర మీద ఎవరి రక్తమూ కారకుండా కారు తోలితే ఆడదానికి ఇదేం పోయేకాలం. సరే, కోళ్ళ సంగతి ఎత్తితే సగంమంది నన్ను అన్‌ఫాలో చేస్తారు. చేయండి.

నా మంట కోళ్ళ మీద కాదు. పేకాట మీద. ఇప్పటిదీ కాదు.

నా పెళ్ళికి మా నాన్న కలర్ టీవీ ఇచ్చాడు. కోనసీమలో కొబ్బరి దింపు డబ్బులు పోగేసి కొన్నాడు. అది హాల్లో పెట్టుకున్నాం. మొదటి సంక్రాంతికి చుట్టాలు దిగారు, పేకాటకి హాలు చాల్లేదు. టీవీ తీసేసి వసారాలో నేల మీద పెట్టేశారు. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు. పండగ మూడు రోజులూ లోపల ఆడవాళ్ళం పొయ్యి దగ్గర అరిసెలు, గారెలు, బజ్జీలు, మళ్ళీ కాఫీలు. మేం కూర్చుని ఏదో ఒకటి చూద్దామంటే టీవీ బయట మంచులో ఉంది. పండగయ్యాక లోపలికి తెచ్చి పెడితే బొమ్మ ఓ పక్కంతా పచ్చగా వచ్చింది. మంచుకో, దింపడంలో తగిలిన దెబ్బకో. పైన చెక్కమీద సిగరెట్టు కాల్చిన మచ్చ, వేలు పెడితే సరిగ్గా పట్టేంత గుంట. ఎవరు పెట్టారంటే ఎవరూ కాదు. "పోనీలేమ్మా, బొమ్మ కనిపిస్తోందిగా" అన్నారు. అన్నదెవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మా ఆయన అప్పుడూ నవ్వాడు. ఇదే నవ్వు. మా నాన్న చూడటానికొచ్చి, టీవీ బాగా వస్తోందా అమ్మా అని అడిగితే, ఆన్ చేయకుండా కరెంటు లేదని చెప్పాను.

దీన్ని పట్టుకుని, ఏనాటి సంగతో ఇంకా మోస్తున్నావా అని కింద రాయబోయే అన్నయ్యలకి ముందే చెప్తున్నాను, మోస్తున్నాను. ఆ మచ్చ ఎవరూ తుడవలేదు, నేనెందుకు దించాలి?

కాబట్టి ఈ పండగ ఏర్పాట్లు ఇవి. పేకాటకి మేడ మీద షామియానా వేయిస్తాను, చలిగా ఉంటే దుప్పట్లు కప్పుకోండి. కొట్టుగది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. భోగి రాత్రి లోపల నేనూ, మా తోడికోడలూ, ఇద్దరు ఆడపడుచులూ రేసు ఆడుతుంటాం, నాలుగు కంట్రోలర్లకీ ఛార్జింగ్ పెట్టాను. ఎవరికైనా కాఫీ కావాలంటే పాలు ఫ్రిజ్‌లో ఉంటాయి, డికాషన్ ఎలా తీయాలో మా ఆయనకి చూపించాను. నవ్వుతూ తీయమనండి.