కొప్పు దగ్గర కోత

విశాఖపట్నంలో రస్కు తయారు చెయ్యడం గొప్ప కాదు, దాన్ని రస్కుగా నిలబెట్టడం గొప్ప. మధ్యాహ్నం ప్లేట్లో పెట్టి మర్చిపోతే సాయంత్రం టీ వేళకి వంచినా విరగదు. సముద్రం ఊళ్ళోనే ఉన్నాక గాల్లో చెమ్మకి కొదవేముంటుంది? అందుకే మా చిన్నమావయ్య ఆటోనగర్‌లో రస్కుల షెడ్డు పెడుతున్నానని చెప్పినప్పుడు ఓవెన్ గురించి రెండు ముక్కలు, ప్యాకింగ్ మిషను గురించి రెండు గంటలు మాట్లాడాడు.

మావయ్య స్టీల్ ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఎర్రగా కాలిన బిల్లెట్టుని, అంటే ఉక్కు దిమ్మెని, సన్నటి తీగ చేసి పంపిన చేతికి రస్కు ఒక లెక్కా అని ఆయన ధీమా. ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. ఆ అలవాటు కొద్దీ షెడ్డులో ఓవెన్‌కి శారద అని, ప్యాకింగ్ మిషనుకి వరాహ అని పేర్లు పెట్టాడు. రెండూ అనకాపల్లి వైపు నదులు. పనివాళ్ళు నలుగురే అయినా గోడకి ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని రాసిన బోర్డు, టేబుల్ మీద లాగ్ బుక్కు. రాత్రి పూట సీ షిఫ్టులో ఎవరుంటారని అడిగితే అత్త, "ఇంకెవరు, నేనే. అప్పుడే కదా అంట్లు తోమేది" అంది.

డబ్బు సంగతి త్వరగా తెమిలింది. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో పెట్టిన పథకంలో 35 శాతం సబ్సిడీ దొరికింది. మిగతాది బ్యాంకు లోను, కొంచెం పీఎఫ్, ఇంకొంచెం అత్త మొహం చిట్లింపు.

రస్కు అంటే రెండుసార్లు కాల్చిన రొట్టె. ముందు బ్రెడ్డు కాల్చాలి, పూర్తిగా చల్లారనివ్వాలి, ముక్కలు కొయ్యాలి, ఆ ముక్కల్ని మళ్ళీ ఓవెన్‌లో పెట్టి తడి పోయేదాకా ఎండకాల్చాలి. తర్వాత మళ్ళీ చల్లారాలి. వేడి మీద కవర్లో పెడితే లోపల ఆవిరి పట్టి రెండో రోజుకే మెత్తబడిపోతాయి. ఇంతవరకూ మావయ్య చదువుకుని, నేర్చుకుని, తప్పు లేకుండా చేశాడు. రస్కులు బాగా కుదిరాయి. ఆ మాట చెప్పకపోతే పాపం.

ట్రయల్ రోజు మాత్రం కన్వేయరు ముందుకి రావాల్సింది వెనక్కి వెళ్ళింది. ఓవెన్‌లోంచి వచ్చిన రస్కులన్నీ మర్చిపోయిందేదో తెచ్చుకోవడానికన్నట్టు తిరిగి ఓవెన్ వైపు బయల్దేరాయి. త్రీ ఫేజ్ మోటారుకి మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు వైర్లు అటూ ఇటూ మార్చి వెళ్ళిపోయాడు. మావయ్య దాన్ని లాగ్ బుక్కులో "బ్రేక్‌డౌన్" అని రాసుకున్నాడు. ఆయనకి అసలు బ్రేక్‌డౌన్ అప్పటికింకా ప్రెస్సులో తయారవుతోంది.

ఆ కథ తెలియాలంటే వరాహ ఎలా పని చేస్తుందో కొంచెం చెప్పాలి. పైనుంచి కవరు అచ్చేసిన ప్లాస్టిక్ ఫిల్ము రోలు దిగుతుంది. ఒక రేకు పెట్టె దగ్గర అది రస్కుల వరస చుట్టూ కిళ్ళీ చుట్టినట్టు చుట్టుకుంటుంది. అడుగున రెండు అంచులూ కలిసే చోట వేడి చక్రాలు నొక్కి అతికిస్తాయి. చివర్న పళ్ళున్న రెండు దవడలు, షెడ్డు భాషలో "జా"లు, గిర్రున తిరుగుతూ వచ్చి ముందు ప్యాకెట్టు తోకనీ వెనక ప్యాకెట్టు తలనీ ఒకేసారి అతికించి మధ్యలో కత్తితో తెంపుతాయి. వేడి తక్కువైతే అతకదు, ఎక్కువైతే ఫిల్ము ముడుచుకుపోతుంది.

ఎక్కడ తెంపాలో దానికెలా తెలుస్తుంది? ఫిల్ము అంచున ప్యాకెట్టుకి ఒకటి చొప్పున ముదురు రంగులో చిన్న చదరం ముద్రిస్తారు. అదే ఐ మార్క్. ఒక సెన్సర్ లైటు వేసుకుని ఆ అంచునే చూస్తూ కూర్చుంటుంది. లేత రంగు పోయి ముదురు రంగు వచ్చిందా, ఇదిగో మార్కు, ఇక్కణ్ణించి ఇంత దూరంలో కొయ్యి. దానికి అంతే తెలుసు. అక్షరం రాదు, బొమ్మ తెలీదు, పెద్దంతరం చిన్నంతరం లేదు. అందుకే ఆ మార్కు నడిచే దారి ఫిల్ము పొడుగునా ఖాళీగా వదిలెయ్యాలి.

ఈ ఖాళీయే మావయ్య కంట్లో పడింది.

కవరు డిజైను డాబాగార్డెన్స్‌లో ఒక కుర్రాడు చేశాడు. ముందు వైపు మా అమ్మమ్మ నవ్వుతున్న ఫొటో. మావయ్య పెళ్ళినాటిది, నల్లటి జుట్టు, కాసంత బొట్టు. వెనక వైపు రస్కులో ఏమేమి వేశారో, బరువు, ధర వగైరా. మావయ్య స్క్రీను మీద వేలు పెట్టి, "ఈ అంచుని ఇంత తెల్లగా వదిలేశావేం?" అన్నాడు.

"అది మిషను కోసం సార్."

"మిషనుకి ఓ చుక్క చాలదూ? చుక్క ఉంచు. మిగతాది నేను డబ్బిచ్చి కొంటున్న ఫిల్మే కదా, ఖాళీ ఎందుకు? మా అమ్మది కాస్త పక్కకి తిరిగిన ఫొటో ఇంకోటుంది. కొప్పు ఎంత బావుంటుందో. అది వెయ్యి."

"కొప్పు అంచు మీదకి వచ్చేస్తుంది సార్."

"రానీ. మా అమ్మ కొప్పు అంటే ఊరంతా చెప్పుకునేవాళ్ళు."

కుర్రాడు ఇంకోసారి చెప్పి చూసి, ప్రూఫ్ మీద మావయ్య చేత సంతకం పెట్టించుకున్నాడు. తెలివైనవాడు. ఆ సంతకం ఖరీదు ప్రింటింగ్ బిల్లు వచ్చాక తెలిసింది. ఫిల్ము ముద్రణకి రంగుకొక సిలిండరు చెక్కుతారు. ఒకసారి చెక్కాక అమ్మ కొప్పునైనా సరే, జరపాలంటే మళ్ళీ సిలిండరు, మళ్ళీ డబ్బు. పైగా రోళ్ళు ఒకటీ అరా ఇవ్వరు. షెడ్డులో మూలకి అమ్మమ్మ నిలువెత్తున పేరుకుంది.

పూజ రోజు అంతా బావుంది. గుమ్మడికాయ కొట్టారు, జాలకి పసుపు కుంకుమ పెట్టారు. జాల పళ్ళలో పసుపు ఇరుక్కుపోయి మొదటి నాలుగు ప్యాకెట్లూ అతకలేదు, అది వేరే సంగతి. తర్వాత ప్యాకెట్లు చకచకా పడ్డాయి. అమ్మమ్మని తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తన మొహం బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వచ్చి అట్టపెట్టెలో పడుతుంటే ఆవిడ చేత్తో దిష్టి తీసుకుంది. అత్త బకెట్టు నీళ్ళు పెట్టుకుని ప్యాకెట్టు ముంచి నొక్కి చూసింది. బుడగ వస్తే సీలు కారుతున్నట్టు. రాలేదు.

మొదటి రోలు అయిపోయి రెండోది అతికించారు. అప్పుడు సెన్సర్‌కి మార్కు కంటే ముందు కొప్పు దొరికింది.

కొప్పు కూడా నల్లగానే ఉంది. వరాహకి ఇంకేం కావాలి? అక్కణ్ణించి లెక్క కట్టి, చెప్పిన దూరంలో, చెప్పిన వేగంతో శుభ్రంగా కోసేసింది. వచ్చిన ప్యాకెట్టు మీద పైన ముక్కు కింది భాగం, నవ్వు, గెడ్డం, మెడలో గొలుసు. ప్యాకెట్టు అడుగున జుట్టు, బొట్టు, రెండు కళ్ళు. కళ్ళు కిందనుంచి చూస్తున్నాయి, నవ్వు పైనుంచి నవ్వుతోంది.

"ఏట్రా ఇది? నా మూతి ఓ కాడ, నా కళ్ళు ఓ కాడ!" అంది అమ్మమ్మ.

మావయ్య మిషను ఆపి నాబ్ తిప్పాడు. పది ప్యాకెట్లు సరిగ్గా వచ్చాయి, అమ్మయ్య అనుకుని ఓసారి ఆపి మళ్ళీ వేసేసరికి తల తెగింది. ఎందుకంటే ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ సెన్సర్ ముందు ఏది కనపడితే దాన్ని పట్టుకుంటోంది. మావయ్యకి ఆ సంగతి తెలీదు. రోలింగ్ మిల్లు అనుభవం అంతా బయటికి తీశాడు. వోల్టేజీ అన్నాడు. జాల వేడి తగ్గించాడు, సీళ్ళు ఊడాయి. రస్కుల్ని తోసే పుషర్ల టైమింగు మార్చాడు. దాంతో కత్తి సందులో పడాల్సింది రస్కు మీద పడింది. కర్రున చప్పుడు. పొడి వెళ్ళి జాల మధ్య చేరింది. పొడి చేరితే సీలు అతకదు. అత్త బకెట్టులో బుడగలు మొదలయ్యాయి. సాయంత్రానికి లాగ్ బుక్కులో కారణం అన్నచోట "దిష్టి" అని ఉంది, ఆయన చేతి రాతతోనే. మర్నాడు పొద్దున్నే సింహాచలం వెళ్ళొచ్చాడు. జాకి నిమ్మకాయ కట్టబోతే అత్త లాక్కుని, "140 డిగ్రీల మీద నిమ్మకాయ ఉడుకుతుంది, పులిహోరలోకైనా పనికిరాదు" అంది.

తల తెగిన ప్యాకెట్లని అమ్మడానికి లేదు. బరువు ఒక ప్యాకెట్టులో, ధర ఇంకో ప్యాకెట్టులో పడ్డాయి, తయారీ తేదీ కొట్టాల్సిన చోట అమ్మమ్మ గొలుసు ఉంది. తూనికలు కొలతల వాళ్ళు ఒప్పుకోరు. రస్కులకి మాత్రం ఏ లోపమూ లేదు. కాబట్టి బంధువులందరికీ పంచారు. విజయనగరం, శ్రీకాకుళం, కాకినాడ, ఎవరు విశాఖ వచ్చినా చేతిలో సంచి పెట్టి పంపారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. మనవైపు పెద్దవాళ్ళ ఫొటో ఎక్కడైనా అచ్చయిందంటే దాని అర్థం వేరు. శ్రీకాకుళం నుంచి దూరపు బంధువొకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. "అంత పెద్దావిడ పోతే మాకో కబురైనా చెయ్యరా? రస్కులు చూసి తెలుసుకోవాలా?" అని. ఫోను ఎత్తింది అమ్మమ్మే.

"మొన్నటేల దాకా బాగానే ఉన్నానమ్మా," అంది అమ్మమ్మ. "ఆ మిషనే పీక కోసీసింది."

అవతల ఫోను పడిన చప్పుడు వినపడింది.

అప్పటికి గానీ మావయ్య టెక్నీషియన్‌ని పిలవలేదు. ఆటోనగర్‌లోనే ప్యాకింగ్ మిషన్లు బాగుచేసే కుర్రాడు, స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని వచ్చాడు. మిషను ముట్టుకోలేదు. రోలు ఒక గజం లాగి, నేల మీద పరిచి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. మార్కు మీద వేలు పెట్టాడు. తర్వాత కొప్పు మీద వేలు పెట్టాడు. తర్వాత మావయ్య వైపు చూశాడు.

"సార్, దీనికి రెండు ఐ మార్కులున్నాయండి."

"అది ఐ మార్కు కాదురా, మా అమ్మ."

"మీకు అమ్మగారండి. సెన్సర్‌కి మార్కేనండి."

ఇంత అయ్యాక పరిష్కారాల మీద చర్చ జరిగింది. సెన్సర్‌ని ఇంకాస్త అంచుకి జరిపితే మార్కు ఒక్కటే కనపడుతుంది, కానీ ఫిల్ము నడిచేటప్పుడు కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి మళ్ళీ కొప్పు తగిలే ప్రమాదం ఉందన్నాడు కుర్రాడు. కొప్పు మీద తెల్ల స్టిక్కరు అంటిద్దామన్నాడు మావయ్య. ఎన్ని కొప్పులు, ఎవరు అంటిస్తారు అంది అత్త, సీ షిఫ్టులోనా అని కూడా అడిగింది. ఆవిడ ఇంకోటి కూడా అంది. "ఇప్పటి ఫొటో వేసుంటే ఈ గొడవే లేదు. తెల్లజుట్టు, సెన్సర్‌కి కనపడేదే కాదు."

అమ్మమ్మ మాత్రం రోలు వంక చూస్తూ కూర్చుంది. "ఒరే బాబూ, దానికి నల్లగా ఉంటే చాలునా?"

"చాలండి అమ్మగారు."

"ఆ సిన్న గడి కన్నా నా కొప్పే పెద్దగుంది కదా. మరి కొప్పునే సూసుకోమను. గడిని సూడొద్దను."

టెక్నీషియన్ చెవి వెనక స్క్రూడ్రైవరు తీశాడు. సెన్సర్‌ని అంచు నుంచి లోపలికి, మార్కు తగలనంత దూరం జరిపాడు. ఆ దారిలో ముందూ వెనకా లేత పసుపే, నల్లది కొప్పు ఒక్కటే. కొప్పు నుంచి కోత దాకా దూరం కొలిచి, ఆ తేడా మిషనులో సరిపెట్టాడు. వేశాడు. ప్యాకెట్టు వచ్చింది. అమ్మమ్మ మెడ మీద తల ఉంది. ఇంకోటి వచ్చింది. ఉంది. రోలు మార్చి చూశారు, ఆపి మళ్ళీ వేసి చూశారు. ఉంది. అత్త బకెట్టులో బుడగ లేదు. మామూలు మార్కు కన్నా ఇదే గట్టిగా పట్టుకుంటోందండి, ఇంత పెద్ద మార్కు నా సర్వీసులో చూడలేదండి అన్నాడు కుర్రాడు. అమ్మమ్మ కొప్పు సవరించుకుంది.

ఆ పూట లాగ్ బుక్కులో మావయ్య "సమస్య గుర్తించి సరిచేయబడినది" అని రాశాడు. ఎవరు గుర్తించారో రాయలేదు. అమ్మమ్మ చదువుకోలేదు గానీ, మనవరాలి చేత చదివించుకుంది. ఆ వరస కింద ఇప్పుడు ఆవిడ వేలిముద్ర ఉంది.

రస్కులు ఇప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం టీ కొట్లలో బాగానే వెళ్తున్నాయి. ఉత్సాహం మీద మావయ్య ఖారీ బిస్కెట్లు కూడా మొదలుపెట్టబోతున్నాడు. ఈసారి కవరు మీద తన ఫొటోయేనట. బట్టతల కాబట్టి సెన్సర్‌తో పేచీ రాదని లెక్క. టెక్నీషియన్ ఫోన్‌లో అంతా విని, "అంతా బావుందండి సార్, మీసం మాత్రం అంచుకి తగలకుండా చూస్కోండి" అన్నాడట.