మహారాజశ్రీ 200 కేబీ గారికి

దరఖాస్తు పోర్టల్‌లో ఫైల్ సైజుకు హద్దుగా వెలసిన మహారాజశ్రీ 200 కేబీ గారి దివ్యసముఖమునకు,

కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు రెండోసారి తిరుగుటపాలో అందుకున్న ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమంతా క్షేమం. మా అమ్మాయి మార్కుల మెమో మాత్రం 1.4 ఎంబీ, అంటే తమరికి ఏడింతలు. దాని క్షేమం తమరి చేతుల్లో ఉంది.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు నెట్ సెంటర్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, లేచేసరికి నాలుగుంపావు. ఓటీపీ గారు నాలుగుసార్లు పిలిస్తే రెండుసార్లు వచ్చారు. క్యాప్చాలో ఉన్నది సున్నానా, ఓనా అని నేనూ సెంటర్ కుర్రాడూ కాసేపు వాదించుకున్నాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, మెమోలో వెనకుంది అని పోర్టల్ కళ్లెర్రజేసింది. పోనీలెమ్మని వాళ్లందరినీ వదిలేశాను. మిమ్మల్ని మాత్రం వదల్లేకపోతున్నాను. రాత్రి భోజనం దగ్గర కూడా మీరే గుర్తొచ్చారు.

'ఫైల్ సైజు 200 కేబీకి మించరాదు.' ఎంత చిన్న వాక్యం! ఎంత ఎర్రటి అక్షరాలు!

మీరు పుట్టిన రోజుల్లో మీకో న్యాయం ఉండేదని ఒప్పుకుంటాను. డయలప్ మోడెం కీచుమని కూసే కాలంలో ఒక ఎంబీ పైకెక్కించాలంటే మూడు నాలుగు నిమిషాలు. ఆఖరి రోజున లక్షల మంది పిల్లలు ఒకేసారి ఎగబడితే సర్వర్ తట్టుకోవద్దూ? సరే. ఆ మోడెం పోయింది, ఆ కూత పోయింది. మీరు మాత్రం పాత ఫారంలోంచి కొత్త ఫారంలోకి, అందులోంచి ఇంకా కొత్తదాంట్లోకి చెక్కుచెదరకుండా దిగుతూ వస్తున్నారు, తాతల నాటి ఇనప్పెట్టెలా. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ప్రభుత్వానికి ఫైళ్లు దాచుకునే క్లౌడ్, అంటే మేఘం, ఉందట. కేంద్రం దానికి మేఘ్‌రాజ్ అని ముద్దుపేరు పెట్టి కూడా పదేళ్లు దాటింది. పత్రాలు ఆన్‌లైన్‌లో దాచుకునే డిజిలాకర్‌లో మనిషికి ఒక జీబీ జాగా ఇస్తున్నారు. వాట్సాప్‌లో 2 జీబీ ఫైల్ పంపుకోవచ్చు, మా తోడల్లుడు వాళ్లబ్బాయి పెళ్లి వీడియోతో ఆ సంగతి అందరికీ రుజువు చేశాడు. మా ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో ప్రభుత్వమే వాట్సాప్‌లోకి దిగింది. అన్నీ బాగున్నాయి. కానీ 1987లో వచ్చిన 1.44 ఎంబీ ఫ్లాపీలో మా అమ్మాయి మెమో మడత పడకుండా పట్టేది. ఇప్పటి మేఘంలో పట్టడం లేదు. ఇంతకీ ఆకాశం వైశాల్యం 200 కేబీయేనా స్వామీ?

మొదటిసారి ఏం జరిగిందో తమరికి తెలుసు. కుర్రాడు స్కానర్‌ను కలర్‌లోంచి నలుపు తెలుపుల్లోకి మార్చాడు. స్కాన్ స్పష్టతను 300 డీపీఐ నుంచి 100కి దించాడు. ఆ పైన ఏదో వెబ్‌సైట్‌లో వేసి పిండాడు. 190 వచ్చింది. ఇద్దరం టీ తాగాం.

పది రోజులకు మెసేజ్: 'అప్‌లోడ్ చేసిన పత్రం స్పష్టంగా లేదు. తిరస్కరించబడినది.'

పెద్దదైతే మీరు రానివ్వరు, చిన్నదైతే ఆఫీసులో కనబడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దొంగ మెమోలు పుట్టకూడదని కాగితం నిండా సన్నటి రంగు గీతలు, వెనకాల నీడ ముద్రలు అచ్చేస్తారు కదా, ఫైల్ బరువెక్కేది వాటివల్లేనట. కుదించగానే ఆ గీతలన్నీ కలిసి ముద్దయిపోయి అంకెల మీదికి పాకుతాయి. మా అమ్మాయికి వెయ్యికి 983. తమరి చేతిలో పడ్డాక చూస్తే 933లా ఉంది. కాస్త తల వంచి చూస్తే 988. తమరి దయ వల్ల అయిదు మార్కులు కలిసొస్తాయేమోనని ఒక్క క్షణం ఆశపడ్డానన్నది కూడా దాచను.

ఆదాయ ధ్రువపత్రం కథ ఇంకా ముచ్చటైనది. అది పుట్టిందే కంప్యూటర్‌లో. తహసీల్దారు సంతకమూ డిజిటలే. దాన్ని నేను ప్రింటు తీసి, కింద నా సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి, కుదించి, ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని ప్రభుత్వానికే ఎక్కించాలి. కుదించేసరికి మూలనున్న క్యూఆర్ కోడ్ మసిగుడ్డ అయింది. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం అసలుతో సమానమని 2017లోనే నిబంధన వచ్చింది కదా, అక్కణ్ణుంచే తెచ్చుకోకూడదా అంటారేమో. పోర్టల్‌లో ఆ బటన్ ఉంది. బూడిద రంగులో ఉంది. ఎంతసేపు నొక్కితే అంతసేపు నొక్కించుకుంటుంది.

ఒళ్లు మండి ఎక్స్‌లో ఆ శాఖ వారిని ట్యాగ్ చేశాను. నాలుగు నిమిషాల్లో జవాబు! 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి స్క్రీన్‌షాట్ డీఎం (నేరుగా మెసేజ్) చేయగలరు.' చేశాను. ఆ స్క్రీన్‌షాట్ 900 కేబీ. కిక్కురుమనకుండా తీసుకున్నారు! నా కష్టానికి లేని సైజు నిబంధన మా పిల్ల మార్కులకు ఎందుకో నాకు అర్థం కాలేదు. సాయంత్రానికి ఇంకో మెసేజ్: 'మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి.' అయిదు నక్షత్రాలు. వాటిని మాత్రం ఏ సైజులో అయినా ఎక్కించుకుంటారు.

ఒరే 200 కేబీ, ఇక గారూ గీరూ లేవు. మా పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండేళ్లు చదివిందిరా. ఆ మార్కులు అంత స్పష్టంగా ఉంటే మసకబార్చింది నువ్వు. మసకబార్చి, ఎందుకు మసగ్గా ఉన్నాయని దాన్నే అడుగుతున్నావు. 'నాన్నా, నేనేమైనా తప్పు అప్‌లోడ్ చేశానా?' అని అది నన్నడిగితే నేనేం చెప్పాలి? ఫోటోకి 20 కేబీకి తగ్గకూడదట, 50కి మించకూడదట. మనిషి మొహానికి కూడా కొలత పెట్టినవాడివి, మనుషుల్ని ఎప్పుడైనా చూశావా?

క్షమించాలి. బీపీ మాత్ర వేసుకొని వచ్చాను.

నిజానికి తమరి పుణ్యాన బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. మా నెట్ సెంటర్ గాజు తలుపు మీద 'ఇచ్చట సైజు తగ్గించబడును, రూ. 30' అని కాగితం అంటించి ఉంటుంది. పక్కనే జిమ్ ఉండడంతో కొత్తగా వచ్చినవాళ్లు కాసేపు తికమకపడతారు. ఆ కుర్రాడు బీటెక్. మెమోను ఏ శాతం పిండితే అంకె నిలుస్తుందో, ఎక్కడ చెదురుతుందో కళ్లతో చూసి చెప్పేస్తాడు. నాడి పట్టే వైద్యుడికి తక్కువేం కాదు. నిన్న మూడో ప్రయత్నంలో, వెనకాల రంగును మాత్రం చెరిపేసి అంకెల్ని ఉంచేశాడు. 983 అని నేను కళ్లజోడు లేకుండా చదివాను. అప్‌లోడ్ నొక్కాం. గుండ్రంగా తిరిగింది, తిరిగింది, ఆకుపచ్చ టిక్ పడింది.

సైజు 199 కేబీ.

మిగిలిన ఆ ఒక్క కేబీ, చిల్లర కింద మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
(సంతకం విడిగా, 20 కేబీలోపు, జేపీజీలో)